జాజ్ సహారా: మరుగున పడిన ఒక రికార్డు

ఆదోని పట్టణమున షాహీ జామియా మసీదును కట్టించిన సిద్దీ మసూద్ ఖాను హబషీ. అనగా ఆఫ్రికా ఖండములోని అబిసీనియా జాతివాడు. 1686లో బిజాపురము మొగలాయిల వశమయ్యెను. ఆ పిమ్మట రెండేండ్లకు, 1688లో, ఆదోని కోటను వారికి అప్పగించువరకు ఈ సీమ అతని యేలుబడిలో నుండెను. కావున సముద్రము దాటివచ్చిన ఆఫ్రికా మనిషి ఊసు మన పశ్చిమ కర్నూలు వారికి క్రొత్తది కాదు. ఈనాడు మేము ముచ్చటింపబోవునది ఎదురుదారి పట్టిన వాని సంగతి. అతడు అమెరికాలో పుట్టి ఆఫ్రికాను, అరబ్బు సంగీతమును తనవిగా చేసికొనెను. పేరు అహ్మద్ అబ్దుల్ మాలిక్.

మాలిక్ 1927లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. అతని వాద్యము డబుల్ బేసు. అది వయొలిను వర్గములోనిదే కాని మనిషికంటె ఎత్తుగా నుండును. జాజ్ మేళములో దానిని కమానుతో కంటె వ్రేళ్లతో మీటుటయే ఎక్కువ. ఎమ్మిగనూరు మగ్గముమీద పడుగు ఎట్టిదో ఆ మేళమున బేసు అట్టిది. చూచువాని కంటబడునవి పేకలోని రంగులు. పడుగు మాత్రము లోపలనే యుండి బట్టను మోయుచుండును. మాలిక్ చాలకాలము అట్టి మోతయే మోసెను. పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ మేళమున 1957, 1958 సంవత్సరములలో అతడే బేసు వాయించెను. 1957 నవంబరు 29న కార్నెగీ హాలులో మంక్, జాన్ కోల్ట్రేన్ కలసి చేసిన కచేరీ టేపు 2005లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున బయల్పడి, రికార్డుగా వెలువడెను. అట్టపై పేరుగా నెక్కినవి ఆ యిరువురి నామములే.

1958 అక్టోబరులో రివర్‌సైడ్ కంపెనీ మాలిక్‌ను నాయకునిగా నిలిపి 'జాజ్ సహారా' అను రికార్డు చేయించెను. ఆ మేళము చిత్రమైనది. మంక్ కచేరీలలో తనతో వాయించిన జానీ గ్రిఫిన్ శాక్సఫోను ఒకవైపు. అలెప్పో నగరమున పుట్టిన నయీమ్ కారకాండ్ వయొలిను, జాక్ గనాయిమ్ కానూను మరియొకవైపు. కానూను మన స్వరమండలమునకు చుట్టము. చేతితో మ్రోగించు దర్బూక, దఫ్ వీనికి తోడు. మాలిక్ బేసుతోబాటు ఊద్ కూడ వాయించెను. ఊద్‌కు మెట్లుండవు; వ్రేలు జారినంత మేర స్వరమే.

పియానో మాత్రము లేదు. పియానో మేళమునుండి వచ్చినవాడు దానిని వదలుట విశేషము. అరబ్బు సంగీతమునకు మూలము మకామ్. అది మన రాగమువంటిది. అందలి కొన్ని స్వరములు పియానో మెట్ల సందులలో నిలుచును. కట్టుదిట్టమైన మెట్లుగల వాద్యము వానిని పలుకనేరదు. ఆకాశవాణి 1940 మొదలు 1971 వరకు హార్మోనియమును బహిష్కరించుటకు చెప్పిన కారణములలో ఇదియు నొకటి. మా సంస్థ గాయకులకు చేసిన ఆ నిషేధము న్యాయమా యన్నది వేరు చర్చ. మాలిక్‌కు ఎవ్వరు నిషేధింపలేదు, చెవియే చెప్పెను.

ఇచట చరిత్రకారుడు అడ్డుపడును. మాలిక్ తన తండ్రి సూడాను దేశస్థుడని చెప్పుకొనుచుండెను. అతని అసలు పేరు జోనథన్ టిమ్ అనియు, తలిదండ్రులు కరీబియన్ సముద్రమందలి సెయింట్ విన్సెంట్ దీవివారనియు రాబిన్ కెల్లీ అను ఆచార్యుడు 2012లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. అయినచో ఈ సంగీతమును నకిలీ యనవలెనా? మేము అనజాలము. వంశమును గూర్చి చెప్పిన మాట నిజము కాదు, నిజమే. కాని బ్రూక్లిన్‌లో స్థిరపడిన సిరియా, లెబనాను కుటుంబముల నడుమ అతడు నేర్చిన విద్య నిజము. కారకాండ్ వంటి పెద్ద విద్వాంసుడు ప్రక్కన కూర్చుండి వాయించుటకంటె వేరు యోగ్యతాపత్రమేల? బానిసత్వమున తాతల దేశనామము సైతము పోగొట్టుకొనిన జాతిలో పుట్టినవాడు ఒక దేశమును ఎంచుకొనెనన్న, దానిని మోసమని తేల్చివేయుట మాకు తొందరపాటుగా తోచుచున్నది.

రికార్డు మరుగున పడుటకు కారణము మరియొకటి. జాజ్‌ను ఇతర బాణీలతో మేళవించుటకు 'ఫ్యూజన్' అను మాట వాడుకలోనికి వచ్చుటకు ఇంకను పదేండ్లుండెను. విద్యుత్ గిటార్లతో, 1970లో వెలువడిన మైల్స్ డేవిస్ 'బిచెస్ బ్రూ'తో ఆ చరిత్రను ఆరంభించు వాడుక ఏర్పడినది. అందుచే అంతకు ముందటి బేసుగాడు పుటలకు వెలుపల మిగిలెను. మాలిక్ 1959లో 'ఈస్ట్ మీట్స్ వెస్ట్', అటుపిమ్మట 1964 వరకు మరికొన్ని రికార్డులు చేసెను. 1961 నవంబరులో కోల్ట్రేన్ 'ఇండియా' అను కృతిని న్యూయార్కులో వాయించినప్పుడు వెనుక శ్రుతి పట్టినవారిలో ఇతడును కలడు. 1993లో కాలధర్మము చెందెను.

'జాజ్ సహారా'లో నాలుగే రచనలు. మొదటిది 'యా అన్నాస్', సుమారు 11 నిమిషములు. శాక్సఫోను ఎప్పుడు వచ్చునా యని ఎదురుచూడక, అడుగున నడచు బేసును పట్టుకొని వినుడు. చిన్న స్పీకరులో మంద్రస్థాయి సన్నగిల్లిపోవును; ఇంట పెద్ద పెట్టె యున్నవారు దానిలో వినుట మేలు.