టూటీ ఆయిల్ ఎంపిక, డీలర్ దగ్గర మరమ్మతు: రెండు ఊళ్ల మధ్య బతికేవారు తెలుసుకోవాల్సినవి

సూరత్‌లోని పాండేసర పారిశ్రామికవాడ అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు పేరు. పాండేసరతో పాటు ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో మరమగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు నడిపేంతగా అక్కడ మనవాళ్లు స్థిరపడ్డారు. వీరిలో చాలామందికి ఊళ్లో ఇంకా ఎంతోకొంత పొలం ఉంది. అన్న సూరత్‌లో షిఫ్టు చేస్తాడు, తమ్ముడు ఊళ్లో పత్తి చేను చూసుకుంటాడు. సూరత్‌లో సంపాదించిన డబ్బుతో కొన్న తైవాన్ పంపు ఊళ్లో పనిచేస్తుంది. అది ఆగిపోతే నష్టం రెండు చోట్లా తగులుతుంది.

తైవాన్ పంపులు, బ్రష్ కట్టర్లు, రంపపు యంత్రాల్లో చాలావాటిలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజనే. పాత టీవీఎస్ ఎక్సెల్ సూపర్, యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా ఈ కోవవే. ఈ ఇంజన్లు పాడైతే డీలర్ దగ్గర తరచూ వినిపించే మాట ఒకటే: ‘మీరు వాడిన ఆయిల్ మంచిది కాదు, వారంటీ వర్తించదు.’ ఆ మాట కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు సాకు. రెండింటికీ తేడా తేల్చాలంటే ఆయిల్ గురించి, ఆ తర్వాత చట్టం గురించి కొంత తెలియాలి.

టూ స్ట్రోక్‌కు వేరే ఆయిల్ ఎందుకు?

ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ అడుగున నిల్వ ఉండి, మళ్లీ మళ్లీ తిరుగుతుంది. సాధారణ టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఆ నిల్వ ఉండదు. పెట్రోలు, గాలి క్రాంక్ గదిలోంచే సిలిండర్‌లోకి పోతాయి. వాటితో కలిసి వెళ్లే ఆయిలే బేరింగులను, పిస్టన్‌ను, రింగులను కాపాడి, చివరకు పెట్రోలుతో పాటే కాలిపోతుంది. కాబట్టి ఈ ఆయిల్‌కు రెండు గుణాలు కావాలి: కాలేలోపు జారుడు ఇవ్వాలి, కాలాక మసి, బూడిద తక్కువ మిగల్చాలి.

ఫోర్ స్ట్రోక్ బండ్లలో పోసే 20డబ్ల్యూ-40 లాంటి ఆయిల్‌ను ఇందులో కలపకూడదన్నది అందుకే. అది పెట్రోలులో త్వరగా కలవదు. అందులోని లోహపు రసాయనాలు కాలి బూడిదై ప్లగ్ మీద, పిస్టన్ తల మీద పేరుకుంటాయి. బండిలోంచి తీసిన పాత ఆయిల్ కలిపితే ఇంజన్‌కు అంతకంటే ఎక్కువ హాని.

డబ్బా మీద ఏం చూడాలి?

బ్రాండు పేరు కన్నా ముందు చూడాల్సింది ప్రమాణం. ఎక్కువగా కనిపించేవి మూడు.

మొదటిది జపాన్ ప్రమాణం జాసో. ఇది జారుడు, శుభ్రత, పొగ, సైలెన్సర్ మూసుకుపోవడం అనే నాలుగింటినీ పరీక్షిస్తుంది. ఎఫ్‌బీ కనీస స్థాయి. ఎఫ్‌సీ అంటే పొగ తక్కువ. ఎఫ్‌డీ అంటే ఎఫ్‌సీ గుణాలతో పాటు, ఎక్కువ వేడిలోనూ రింగులను, పిస్టన్‌ను శుభ్రంగా ఉంచేది. వీటికి దీటైన అంతర్జాతీయ శ్రేణులు ఈజీబీ, ఈజీసీ, ఈజీడీ.

రెండోది అమెరికా ప్రమాణం ఏపీఐ టీసీ. ఇంజన్ రక్షణకు ఇది భరోసా ఇస్తుంది కానీ పొగ గురించి చెప్పదు.

మూడోది టీసీ-డబ్ల్యూ3. ఇది నీటితో చల్లబడే పడవ ఇంజన్ల కోసం తయారైంది. గాలితో చల్లబడే పంపు ఇంజన్ అంతకంటే ఎక్కువ వేడెక్కుతుంది. ‘ఖరీదైనది కదా, మంచిదే’ అనుకుని పడవ ఆయిల్‌ను పంపులో పోయడం పొరపాటు.

ఆన్‌లైన్‌లో వెతికితే మంచు మీద నడిచే స్నోమొబైల్ ఆయిళ్లు కూడా కనిపిస్తాయి. కెనడా, అమెరికాలలో టూ స్ట్రోక్ ఆయిల్ మీద జరిగే చర్చలో పెద్ద భాగం ఈ బండ్ల గురించే. మన దేశంలో గుల్మార్గ్ లాంటి చోట్ల పర్యాటకులు ఎక్కేది ఇవే. వాటిలో చాలావరకు ఆయిల్‌కు వేరే ట్యాంకు, పంపు ఉంటాయి. గడ్డకట్టే చలిలోనూ ఆయిల్ పారాలి కాబట్టి ఆ గుణానికి అక్కడ ఎక్కువ ధర పెడతారు. సూరత్ ఎండలో, తెలంగాణ చేలల్లో ఆ గుణంతో పని లేదు. మనకు కావాల్సింది వేడి తట్టుకునే శుభ్రత. మాన్యువల్ వేరే చెప్పకపోతే, జాసో ఎఫ్‌సీ గానీ ఎఫ్‌డీ గానీ ఉన్న మామూలు టూటీ ఆయిల్ సరిపోతుంది.

విడి ఆయిల్ కొనకపోవడం మరో ముఖ్య సూత్రం. ఢిల్లీ వాయు కాలుష్యం కేసులో సుప్రీంకోర్టు 1998 జులై 28న ఇచ్చిన ఆదేశాల్లో, పెట్రోలు బంకుల్లో టూటీ ఆయిల్‌ను ముందే కలిపి ఇచ్చే యంత్రాలు పెట్టాలన్నది ఒకటి. నాసిరకం ఆయిల్, కొలత లేకుండా పోసే ఆయిల్ వల్లే పొగ పెరుగుతోందన్నది అప్పటి ఆందోళన. పొగకు కారణమైన ఆ రెండు తప్పులే ఇంజన్‌నూ చంపుతాయి.

పాళ్లు తప్పితే

మాన్యువల్‌లో 1:25 అనో 1:50 అనో రాసి ఉంటుంది. లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో తెలియాలంటే వెయ్యిని రెండో అంకెతో భాగిస్తే చాలు.

- 1:25 అయితే లీటరుకు 40 మి.లీ.
- 1:40 అయితే 25 మి.లీ.
- 1:50 అయితే 20 మి.లీ.

ఒకే ఇంట్లో 1:25 పంపు, 1:50 బ్రష్ కట్టర్ ఉండొచ్చు. ఒకదాని కోసం కలిపింది మరోదాంట్లో పోస్తే ఆయిల్ సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. డబ్బా మీద పాళ్లు, కలిపిన తేదీ రాసి ఉంచాలి. మూతతో అంచనాగా పోసే బదులు మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలవాలి. ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిల్ పోసి బాగా కుదిపి, అప్పుడు మిగతా పెట్రోలు కలపాలి. ఇదంతా యంత్రం ట్యాంకులో కాకుండా వేరే డబ్బాలో చేయాలి. ఆర్‌ఎక్స్ 100లా ఆయిల్‌కు వేరే ట్యాంకు ఉన్న బండిలో పెట్రోలులో కలపనక్కర్లేదు. ఆ ట్యాంకు ఖాళీ కాకుండా, ఆయిల్ పంపు పనిచేసేలా చూసుకోవాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఉన్న స్ప్రేయర్లు కూడా ఉన్నాయి. వాటిలో కలిపిన పెట్రోలు పోయకూడదు.

ఆయిల్ తగ్గితే పిస్టన్ గీరుకుపోయి ‘సీజ్’ అవుతుంది. అలాగని ఎక్కువ పోస్తే మేలేమీ లేదు. ప్లగ్ తడిసిపోతుంది, సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది. పైగా ఆయిల్ పెరిగితే అదే కొలత మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ ఇంకా వేడెక్కవచ్చు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ విడిపోయి డబ్బా అడుగుకు చేరతాయి. ఆ పొరలో ఆయిల్ ఉండదు. ఇంజన్ ముందుగా లాగేది ఆ అడుగు పొరనే. అందుకే కలిపిన పెట్రోలును నెలకు మించి దాచకూడదు. మందు కొట్టే కాలం ముగిశాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నది కూడా అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపాలి.

డీలర్ దగ్గరికి వెళ్లేముందు

ఇంజన్ ఆగిపోయాక మొదట చేయాల్సింది సాక్ష్యం దాచుకోవడం. ట్యాంకులోని పెట్రోలు కొంచెం గాజు సీసాలో పోసి, మూత బిగించి, తేదీ రాయాలి. ఆయిల్ డబ్బా, దాని బిల్లు పారేయకూడదు. యంత్రాన్ని, దాని సీరియల్ నంబరును ఫొటో తీయాలి.

యంత్రం ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు తప్పనిసరి. ‘స్టార్ట్ కావడం లేదు’ అని ముక్తసరిగా కాకుండా, ఎంతసేపు నడిచాక, ఎలా ఆగిందో మన మాటల్లో రాయించాలి. ఖర్చు అంచనా రాతలో తీసుకోవాలి. అంతకు మించితే అడిగాకే పని చేయాలని, తీసేసిన పాత భాగాలు తిరిగి ఇవ్వాలని అందులోనే రాయించాలి.

పాత పిస్టన్ చాలా విషయాలు చెబుతుంది. గీతలు చుట్టూ పడి, లోపల ఎక్కడా ఆయిల్ తడి లేకపోతే ఆయిల్ కలపలేదని అనుమానించాలి. గీతలు పొగ బయటకు పోయే వైపు మాత్రమే ఉంటే అతి వేడి కారణం కావచ్చు. దాని వెనుక చల్లబరిచే రెక్కల్లో పేరుకున్న దుమ్ము ఉండొచ్చు, కార్బొరేటర్ అమరిక ఉండొచ్చు, అరిగిన క్రాంక్ సీలులోంచి దూరే గాలి ఉండొచ్చు. కొత్త యంత్రంలో సీలు లోపముంటే అది తయారీ లోపం, వాడకందారు తప్పు కాదు. అందుకే ‘ఆయిల్ వల్లే’ అన్న డీలర్‌ను రెండు ప్రశ్నలు అడగాలి: క్రాంక్ గది గాలి లీకు పరీక్ష చేశారా? ఆ మాట రాసి ఇస్తారా? నోటిమాటతో వారంటీ నిరాకరణను ఒప్పుకోకూడదు.

‘కంపెనీ ఆయిలే వాడాలి’ అన్న షరతు సంగతి వేరు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప ఫలానా బ్రాండే వాడాలని వారంటీకి ముడిపెట్టడం సాధారణంగా చెల్లదు. మన దగ్గర అంత సూటి చట్టం లేదు. కార్ల విడిభాగాల కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ దగ్గర పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టొద్దని చెప్పింది. ఆ వివాదం తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. వారంటీ కాలంలో మాన్యువల్ చెప్పిన ప్రమాణం ఉన్న ఆయిలే వాడి, బిల్లు దాచుకోవడం అన్నిటికన్నా క్షేమం.

మరమ్మతు డబ్బు కట్టేదాకా యంత్రాన్ని ఆపి ఉంచే హక్కు మెకానిక్‌కు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ అది. అయితే ఆ హక్కు ఆ వస్తువు మీద చేసిన పనికి రావాల్సిన డబ్బుకే పరిమితం. పాత బాకీలకు, ఒప్పుకోని పనులకు అది వర్తించదు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

రెండు ఊళ్ల మధ్య బతికేవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఒక పెద్ద సౌకర్యం ఇచ్చింది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న ఈ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుదారు తాను ఉండే చోట లేదా పనిచేసుకునే చోట జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వరంగల్‌లో కొన్న పంపు మీద పాండేసరలో ఉండే కొనుగోలుదారు సూరత్ జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు. కంపెనీ ఆఫీసు ఉన్న ఊరికి పరుగెత్తనక్కర్లేదు.

బిల్లు అన్న పేరు మీద ఉండి, వాడేది తమ్ముడైతే? కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ‘వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కాదు’ అన్న వాదన వస్తే, స్వయంగా పనిచేసుకుంటూ జీవనోపాధి కోసమే వాడే వస్తువుకు అది వర్తించదని చట్టమే చెబుతోంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

మొదట డీలర్‌కు, కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. అప్పటికీ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. వివాదం మొదలైన రెండేళ్లలోపు వేయాలి. లోపం పరీక్షతో తప్ప తేలనిదైతే కమిషనే వస్తువును ప్రయోగశాలకు పంపించగలదు. దాచిన పెట్రోలు సీసా, పాత పిస్టన్, జాబ్ కార్డు అక్కడ పనికొస్తాయి.

కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్ పరిధిలో వ్యవసాయ పరికరాలు, వాహనాలు కూడా ఉన్నాయి. అందులో చేరిన కంపెనీల మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు, సర్వీసు కేంద్రాల సమాచారం చూడవచ్చు. యంత్రం కొనేముందే అక్కడ ఆ కంపెనీ ఉందో లేదో చూసుకుంటే, విడిభాగాలు దొరకని బ్రాండును తప్పించుకోవచ్చు.