యూసఫ్ మస్రాహీ

యూసఫ్ అహ్మద్ మస్రాహీ సౌదీ అరేబియాకు చెందిన 400 మీటర్ల పరుగు వీరుడు. ఆ పరుగులో 43.93 సెకన్ల ఆసియా రికార్డు అతడిదే. నిషిద్ధ మందు వాడి నాలుగేళ్లు ఆటకు దూరమైందీ అతడే. ఈ రెండింట్లో ఒకటి చెప్పి రెండోది దాచే పరిచయం అతడితో పాటు బరిలో దిగిన వాళ్లందరికీ అన్యాయం చేసినట్టే.

మస్రాహీ 1987 డిసెంబరు 31న నజ్రాన్‌లో పుట్టాడు. మన తెలుగువాళ్లు ఎక్కువగా పనిచేసే జుబైల్, దమ్మామ్ పర్షియన్ గల్ఫ్ ఒడ్డున ఉంటే, నజ్రాన్ దానికి ఎదురు మూలన, యెమెన్ సరిహద్దు పక్కన ఉంటుంది. జుబైల్ ప్లాంట్లలో షిఫ్టులు చేసేవాళ్లకు సౌదీ ఆట అనగానే ఫుట్‌బాలే గుర్తొస్తుంది. కానీ ఆ దేశానికి తొలి ఒలింపిక్ పతకం తెచ్చింది పరుగే. 2000 సిడ్నీ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో హాదీ సువాన్ అల్ సొమైలీ 47.53 సెకన్లతో రజతం గెలిచాడు. స్వర్ణం గెలిచిన అమెరికా ఆటగాడు ఏంజెలో టేలర్ అతడికన్నా ముందున్నది సెకనులో మూడు వందల వంతులే. అదే ఏడాది చిలీలో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో హమ్దాన్ అల్ బిషీ 400 మీటర్ల స్వర్ణం అందుకున్నాడు. పొరుగున ఉన్న ఒమన్‌కు చెందిన మొహమ్మద్ అల్ మాల్కీ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఇదే పరుగు ఫైనల్ దాకా వెళ్లాడు. ఒక్క రౌండు పరుగు మీద గల్ఫ్ దేశాలకు ఉన్న మక్కువ మస్రాహీతో మొదలైంది కాదు.

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 4x400 రిలే గెలిచిన సౌదీ జట్టులో మస్రాహీ ఉన్నాడు. 2011లో కోబెలో, 2013లో పుణెలో ఆసియా ఛాంపియన్ అయ్యాడు. 2013 మాస్కో ప్రపంచ పోటీల ఫైనల్లో 44.97 సెకన్లతో ఆరో స్థానంలో నిలిచాడు. అతడి వెనక ఏడో స్థానంలో వచ్చింది ఎవరో కాదు, లండన్ ఒలింపిక్ విజేత కిరానీ జేమ్స్. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో 44.46 సెకన్లతో స్వర్ణం గెలిచాడు. ఆ పరుగులో కాంస్యం దక్కింది మన తమిళనాడు కుర్రాడు ఆరోక్య రాజీవ్‌కు.

అతడి పేరు ప్రపంచమంతా వినిపించింది 2015 ఆగస్టులో, బీజింగ్ ప్రపంచ పోటీల్లో. అది ఫైనల్ కాదు, తొలి రౌండు హీట్. మామూలుగా పేరున్న ఆటగాళ్లు తొలి రౌండులో చివరి వంద మీటర్లు కాస్త నెమ్మదించి ఒంట్లో సత్తువ దాచుకుంటారు. ఆ హీట్‌లో అలా జరగలేదు. మస్రాహీ, జమైకాకు చెందిన రుషీన్ మెక్‌డొనాల్డ్ గీత దాకా ఒకరినొకరు వదల్లేదు. ఇద్దరికీ పడిన సమయం 43.93. ఆసియా ఆటగాడు 44 సెకన్ల లోపు పరిగెత్తడం అదే మొదటిసారి. కొన్ని రోజులకు జరిగిన ఫైనల్లో మాత్రం మస్రాహీ 45.15తో చివరన, ఎనిమిదో స్థానంలో మిగిలాడు. దక్షిణాఫ్రికాకు చెందిన వేడ్ వాన్ నీకర్క్ 43.48తో గెలిచాడు.

2016లో మస్రాహీ ఇచ్చిన నమూనాలో నిషిద్ధ మందు ఈపీఓ దొరికింది. రియో ఒలింపిక్స్ వేళ ఆ సంగతి బయటికొచ్చి మస్రాహీ పోటీలకు దూరమయ్యాడు. ఆ తర్వాత నాలుగేళ్ల నిషేధం పడింది. ఇలాంటి తొలి తప్పుకు అంతకు ముందు మామూలుగా రెండేళ్లే వేసేవారు. 2015 జనవరి నుంచి ప్రపంచ డోపింగ్ నియమావళి దాన్ని నాలుగుకు పెంచింది.

ఈపీఓ అంటే ఎరిత్రోపోయిటిన్. మన మూత్రపిండాలే తయారుచేసే హార్మోను. ఎర్ర రక్తకణాలు తయారుచెయ్యమని ఎముక మజ్జకు చెప్పేది ఇదే. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లలో ఇది తగ్గిపోయి రక్తం పలచబడుతుంది. అందుకే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్లకు ఈ ఇంజక్షన్ పేరు కొత్త కాదు. అమెరికాలో 1989లో ఈ మందుకు అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీన్ని నిషేధించింది. రోగికి ప్రాణాధారమైన ఈ మందు ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎక్కిస్తే రక్తం చిక్కబడుతుంది, గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఇది సైకిల్ పందేలవాళ్లకూ మారథాన్ వాళ్లకూ పనికొచ్చేదే గాని, స్ప్రింటర్‌కు ఎందుకన్న సందేహం సహజం. 400 మీటర్లు స్ప్రింటే అయినా, దానికి కావలసిన శక్తిలో దాదాపు 40 శాతం ఆక్సిజన్ వాడకం నుంచే వస్తుంది. పైగా ఈ మందు ఒకరోజు కఠిన సాధన నుంచి తేరుకుని మర్నాడు మళ్లీ అంత సాధన చేసే వీలిస్తుంది. పట్టుకోవడం కూడా తేలిక కాదు. మందు కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది, దాని ఫలితం మాత్రం వారాల తరబడి ఉంటుంది. మూత్రంలో దీన్ని గుర్తించే పరీక్ష 2000 సిడ్నీ ఒలింపిక్స్‌తోనే వాడుకలోకి వచ్చింది. ఆ ఒలింపిక్స్‌లో 4x400 రిలే స్వర్ణం గెలిచిన అమెరికా జట్టులోని ఆంటోనియో పెటిగ్రూ ఏ పరీక్షలోనూ దొరకలేదు. 1997 నుంచి ఈపీఓ వాడానని 2008లో తనే ఒప్పుకున్నాడు. అప్పుడు జట్టు మొత్తానికీ పతకం పోయింది. అతడి 1991 ప్రపంచ టైటిల్ మాత్రం అలాగే ఉంది.

ఆ తేడాయే మస్రాహీ రికార్డుకూ వర్తించింది. తప్పు జరిగినట్టు రుజువైన తేదీ నుంచి ముందుకే ఫలితాలు రద్దవుతాయి. అతడి నమూనా 2016ది, రికార్డు 2015ది. కాబట్టి 43.93 పుస్తకంలో ఉండిపోయింది. ఇలాంటిదే మన దగ్గరా ఉంది. హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో సాధన చేసిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్ 2022 డిసెంబరులో ఇచ్చిన నమూనాల్లో కండరాలు పెంచే నిషిద్ధ మందులు దొరికాయి. ఫిజియోథెరపిస్టు సలహాతో తెలియక వాడానన్న ఆమె వాదన నిలవక, 2023లో నాలుగేళ్ల నిషేధం పడింది. 2021లో ఆమె 100 మీటర్లు 11.17 సెకన్లలో పరిగెత్తి నెలకొల్పిన జాతీయ రికార్డు మాత్రం చెరిగిపోలేదు. రుజువు లేని కాలాన్ని శిక్షించకపోవడం న్యాయమే. అలాగని అనుమానపడే ప్రేక్షకుణ్ణి తప్పుపట్టలేం.

నిషేధం ముగిశాక మస్రాహీ మళ్లీ ట్రాక్ ఎక్కాడు. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో, 35 ఏళ్ల వయసులో, 45.55 సెకన్లతో 400 మీటర్ల స్వర్ణం గెలిచాడు. జపాన్ ఆటగాడు కెంటారో సాటో 45.57తో రెండో స్థానంలో నిలిచాడు. ఇంచియాన్‌లో గెలిచినప్పటికన్నా మస్రాహీకి ఈసారి సెకను పైనే ఎక్కువ పట్టింది. అందులో వయసు వాటా ఎంత, మిగతా కారణాల వాటా ఎంత అని గడియారం చెప్పదు. ఇక అతడి ఆసియా రికార్డుకు అతి దగ్గరగా వచ్చినవాడు ఖతర్‌కు చెందిన అబ్దలేలా హరూన్. 2018లో లండన్‌లో 44.07 పరిగెత్తాడు. 2021లో కారు ప్రమాదంలో చనిపోయాడు.