పేరుగా మిగిలిన మనిషి

గత చలికాలంలో ఒక ఆదివారం ఉదయం. మిత్రుడొకరు చిలుకూరు బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణల మొక్కు తీర్చుకోవలసి ఉండి నన్ను తోడు రమ్మన్నాడు. ఆ ప్రదక్షిణలు పూర్తి కావడానికి ఎంత లేదన్నా రెండు గంటలు. ఈలోగా పెద్దమంగళారం చూసి వద్దామని నేను బండి తీశాను.

పెద్దమంగళారం మొయినాబాద్ మండలంలోని పల్లె. చేవెళ్ళ దారిలో నిజాం కాలపు మర్రిచెట్లు రెండు వైపులా ఊడలు దించుకొని నిలుచుంటాయి. ఆ దారి వదిలి లోపలికి వెళ్తే కూరగాయల మళ్ళు, పూలతోటలు, వాటి నడుమ నగరవాసుల ఎత్తైన ప్రహరీ గోడలు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకని 1996లో వచ్చిన 111వ ఉత్తరువు ఈ ప్రాంతాన్ని చాలాకాలం పల్లెగానే నిలిపి ఉంచింది. 2022లో దాని ఆంక్షలను సడలించారు.

నేను వెతుక్కుంటూ వెళ్ళింది కొండా వెంకటరంగారెడ్డి స్మృతి కోసం. ఆయన 1890 డిసెంబరు 12న ఈ ఊళ్ళోనే పుట్టారు. చెట్టు కింద కూర్చున్న ఒక వృద్ధుణ్ణి, "పెద్దాయనా, రంగారెడ్డి గారి స్మారకం ఎక్కడుందండీ?" అని అడిగాను. ఆయన నన్నూ, నా బండినీ ఎగాదిగా చూసి, "యాడనో ఎందుకు ఎతుకుతున్నరు సారూ? మీ బండి కాయితం తీసి సూడుండ్రి. అండ్ల లేదా ఆయన పేరు?" అన్నాడు.

నవ్వాను గాని, ఆ మాట నన్ను వదలలేదు.

మా నాన్నగారు ఉద్యోగరీత్యా తెనాలి నుండి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడ్డారు. తాతగారు వ్రాసిన ప్రతి ఉత్తరం మీదా చివరి పంక్తి 'రంగారెడ్డి జిల్లా'. చిన్నతనంలో ఆ పేరు వందలసార్లు చదివాను. ఆ రంగారెడ్డి ఎవరని ఒక్కసారీ అడగలేదు. మా ఇంట్లో విశాలాంధ్ర అన్నది వేదవాక్యం. మా చిరునామాలో ఉన్న మనిషి ఆ విశాలాంధ్రను వద్దన్నవాడని తెలిసేసరికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

ఆయన తెలుగుకు పరాయివాడు కాడు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ఆవరణలో మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కరణ సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను ఓపికగా విన్న సభికులు, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జన సంఘం పుట్టింది. దాని తొలినాళ్ళ నాయకులలో మాడపాటి హనుమంతరావుతో పాటు ఈ పెద్దమంగళారం వకీలూ ఉన్నారు. సభ పెట్టుకోవడానికి సర్కారు అనుమతి కావలసిన రాజ్యంలో వారు గ్రంథాలయాలు నడిపారు, వెట్టిచాకిరీకి వ్యతిరేకంగా చిన్న పుస్తకాలు పంచారు. 1936లో షాద్‌నగరులో జరిగిన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకూ, 1943లో హైదరాబాదులో జరిగిన పదవ సభకూ రంగారెడ్డి అధ్యక్షులు. అప్పటికే మితవాదులకూ కమ్యూనిస్టులకూ పొసగడం లేదు. మరుసటి సంవత్సరం రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో మహాసభ రెండుగా చీలింది. వినతిపత్రాలతో జాగీర్దార్ల పీడ పోతుందా అన్న ఆనాటి యువకుల ప్రశ్న న్యాయమైనదే. ఆ వినతిపత్రమైనా వ్రాయగల ధైర్యం అంతకు ముందు ఎందరికి ఉండేది అన్నది దాని పక్కన నిలబడవలసిన ప్రశ్న.

మరి భాష కోసం అంత చేసినవాడు ఒకే భాషవారి రాష్ట్రాన్ని ఎందుకు వద్దన్నాడు? హైదరాబాదు రాష్ట్రంలో బూర్గుల మంత్రివర్గంలో పనిచేసిన ఆయనకు తెలంగాణ వెనుకబాటు కాగితాల మీది లెక్క కాదు. భాష కలిసినంత మాత్రాన బలాబలాలు సమం కావని ఆయన భయం. 1955లో ఫజల్ అలీ సంఘం కూడా తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచి, తరువాత శాసనసభ్యులలో మూడింట రెండువంతులు ఒప్పుకుంటేనే కలపమన్నది. అది జరగలేదు. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో బూర్గుల, మర్రి చెన్నారెడ్డి, జె.వి.నర్సింగరావులతో పాటు రంగారెడ్డి కూడా ఉన్నారు. వద్దన్నవాడే షరతులతో చేవ్రాలు పెట్టవలసి వచ్చింది.

ఆ షరతులలో ఒకటి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు కావాలన్నది. నవంబరు 1న రాష్ట్రం ఏర్పడింది గాని, ఆ పదవి ఏర్పడలేదు. ఉపముఖ్యమంత్రి పదవి చేతికి ఆరో వేలు వంటిదని సంజీవరెడ్డి అన్నారని నేటికీ చెప్పుకుంటారు. చివరకు 1959లో ఆ ఆరో వేలుగా నియమితులైనది ఈ రంగారెడ్డే. ఆయన 1970 జూలై 24న కన్నుమూశారు. అంతకు ముందటి ఏడే తెలంగాణ ఉద్యమం వీధుల్లో రగిలింది.

1978 ఆగస్టు 15న హైదరాబాదు చుట్టూ ఉన్న పల్లెలతో కొత్త జిల్లా ఏర్పడింది. దానికి దక్కిన పేరు ఆయనది. అప్పటి ముఖ్యమంత్రి ఆయన మేనల్లుడు చెన్నారెడ్డి. 2014లో తెలంగాణ వచ్చింది, 2016లో జిల్లా ముక్కలైంది. మా కూకట్‌పల్లి మేడ్చల్ జిల్లాలోకి వెళ్ళిపోయింది. మొయినాబాదు, చేవెళ్ళ మాత్రం ఆ పేరు కిందనే ఉన్నాయి.

తిరిగి వచ్చేసరికి మిత్రుడు ప్రదక్షిణలు ముగించి, ప్రసాదం చేతబట్టుకొని గుడి బయట నిలబడి ఉన్నాడు. "చూడవలసింది చూశావా?" అన్నాడు. బండి కాగితం తీసి చూపించాను. అతడికి అర్థం కాలేదు. దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాను.

పేరు పెట్టడం గౌరవించడమే. కాని ప్రతిరోజూ పలికే పేరు వెనుక మనిషి త్వరగా మరుగున పడతాడు. తాతగారి ఉత్తరాలు ఇంకా అటక మీద ఉన్నాయి. ఈసారి వాటిని దించినప్పుడు ఆ చివరి పంక్తి దగ్గర కాస్త ఆగుతాను.