కథ ఎవరిది, చరిత్ర ఎవరిది?

"నాదేం చరిత్ర బిడ్డా. చరిత్ర మా ఆయనది. నాది ఉత్త కథ."

2013లో నల్గొండ జిల్లాలోని ఒక ఊళ్ళో, ఎనభై దాటిన ఒకామె నాతో అన్న మొదటి మాట ఇది. తెలంగాణ రైతాంగ పోరాటంలో దళాలకు అన్నం మోసిన మనిషి. అప్పటికి నా పరిశోధనలో 'నేరేటివ్' అనే మాటను ఎక్కడ పడితే అక్కడ వాడుతున్నాను. తెలుగులో 'కథనం' అని రాసుకుని హాయిగా ఉన్నాను. ఆమె మాటతో ఆ హాయి పోయింది.

నేరేటివ్‌కు లాటిన్ మూలం చెప్పడమనే అర్థమిచ్చే క్రియ. దాని వెనక 'తెలిసినవాడు' అనే అర్థమున్న మరో మాట ఉంది. మన సంస్కృత 'జ్ఞ' ధాతువుకు అది చుట్టం. అంటే చెప్పేవాళ్ళు తెలిసినవాళ్ళని ఆ పదం లోపలే ఒక ఒప్పుదల ఉందన్నమాట. మన 'కథ'కు మూలమైన ధాతువులో చెప్పడం మాత్రమే ఉంది, తెలియడం లేదు. 'ఇతిహాసం' అయితే 'ఇలా జరిగింది సుమా' అని ముందే ప్రమాణం చేస్తుంది.

ఇక వాడుకలోకి వస్తే ఈ మాటలేవీ ఆడవాళ్ళ పట్ల మర్యాదగా లేవు. "కథలు చెప్పకు" అంటే అబద్ధాలాడకు అని. "ఆవిడ పురాణం మొదలెట్టింది" అంటే విసిగిస్తోందని. భాగవతం నుంచి వచ్చిన 'భాగోతం' బయటపడేది. అన్నిటికన్నా 'చరిత్ర' సంగతి చూడండి. "ఆయనకో చరిత్ర ఉంది" అంటే గౌరవం. "దాని చరిత్ర మాకు తెలీదా" అంటే ఏమిటో నేను విప్పి చెప్పక్కర్లేదు. పత్రికల్లో "పోలీసుల కథనం ప్రకారం" అని రాసినప్పుడు ఆ కథనం దాదాపు నిజమన్నట్టే ధ్వనిస్తుంది. బాధితురాలు మాత్రం 'ఆరోపిస్తుంది'.

తన గురించి తను చెప్పుకోవచ్చా అన్నది అలంకారికులకూ తేలని తగవే. భామహుడు 'కావ్యాలంకారం'లో ఆఖ్యాయికను, కథను వేరు చేశాడు. ఆఖ్యాయికలో నాయకుడు తన నడవడి తానే చెప్పుకుంటాడు. కథలో ఇతరులు చెప్పాలి, మంచి పుట్టుక పుట్టినవాడు తన గుణాలు తానే ఎలా చాటుకుంటాడని ఆయన ప్రశ్న. దండి 'కావ్యాదర్శం'లో ఈ విభజననే ఒప్పుకోలేదు. జరిగింది చెప్పేవాడికి తన గురించి చెప్పుకోవడం తప్పేమీ కాదన్నాడు. ఇద్దరి మనసులోనూ ఉన్నది పురుషుడే, అనుమానం లేదు. అయినా నాకు దండి పనికొచ్చాడు.

తెలుగులో వచనం కొత్తగా కాళ్ళూనుకుంటున్నప్పుడు 'చరిత్ర' అనే మాటకు గిరాకీ పెరిగింది. 1878లో వీరేశలింగం రాసిన కల్పన పేరు 'రాజశేఖర చరిత్రము'. కల్పిత పురుషుడికి చరిత్ర ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. 1901లో భండారు అచ్చమాంబ నిజంగా బతికిన స్త్రీల జీవితాలను సేకరించి వేసినప్పుడు ఆ పుస్తకం పేరు 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అయింది. ఆ 'సత్' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. స్త్రీ చరిత్రకు ముందు 'మంచి' అని చేర్చకపోతే పాఠకుడు రెండో అర్థంలోకి జారిపోతాడన్న జాగ్రత్తేమో అది. 'అబల' మాట సరేసరి. పుస్తకంలోని స్త్రీలెవరూ ఆ పేరుకు తగ్గట్టు ఉండరు.

'సత్' లేకుండా ఆ మాటను తీసుకోవడానికి 1986 దాకా పట్టింది. స్త్రీశక్తి సంఘటన సేకరించిన 'మనకు తెలియని మన చరిత్ర' గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. పోరాటం మీద 1972లో సుందరయ్యగారు రాసిన పెద్ద గ్రంథంలో స్త్రీల మీద ఒక అధ్యాయం ఉంది. 1986 పుస్తకంలో చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ప్రియంవద, చంటిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ స్వయంగా మాట్లాడారు. ఆ పుస్తకానికి 'పోరాట స్త్రీల కథలు' అని పేరు పెట్టి ఉండొచ్చు, పెట్టలేదు. తర్వాత వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012), స్వరాజ్యం 'నా మాటే తుపాకీ తూటా' (2019) పేర్లలో కథా లేదు, చరిత్రా లేదు. ఆ రెండు మాటల పేచీ వాళ్ళు దాటేశారు కాబోలు.

నాకు మాత్రం పేచీ తప్పలేదు. మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన, "అమ్మా, ఇవన్నీ నేరేటివ్స్, బాగున్నాయి. మరి చరిత్రకు ఆధారాలేవి?" అన్నారు. చరిత్రకారులు కూడా కథలాగే అల్లుతారని హేడెన్ వైట్ 1973లోనే వాదించాడని జవాబు చెప్పి గట్టెక్కాను. బయటికి వచ్చాక సిగ్గేసింది. అన్నీ కథనాలే అని ఒప్పించి, ఆమె ముందే వదిలేసుకున్న 'చరిత్ర'ను నేను ఇంకోసారి వదిలేసుకొచ్చాను. ఆమె అన్నం మోసింది. ఆ దారిలో ఎవరెవరు కాపలా ఉండేవారో పేర్లతో చెప్పింది. అది ఆధారం కాదా?

అంతకన్నా ఇబ్బందైన సంగతి ఒకటుంది. సిద్ధాంతవ్యాసాన్ని పుస్తకంగా వేద్దామని ఈమధ్య ఆ టేపులు మళ్ళీ విన్నాను. ఆమె ఎక్కడా సంవత్సరం చెప్పలేదు. "పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు", "పిల్ల పోయిన ఎండకాలం", "బర్రె ఈనిన నెల" - ఇదీ ఆమె కాలం. ముందు పిల్ల పోవడం చెప్పి, ఆ తర్వాత వెనక్కి వెళ్ళి దళాల సంగతి చెప్పింది. నేను అదంతా విప్పి 1946, 1948 సెప్టెంబరు, 1951 అక్టోబరు అని పోరాటం తేదీల కింద సర్దేశాను. పిల్ల చావు ఆ వరుసలో ఎక్కడా ఇమడక అధోజ్ఞాపికలోకి పోయింది. టేపులో ఆమె ఆ మాట దగ్గర ఆగితే, "తర్వాత దళం ఎప్పుడొచ్చింది?" అంటున్న నా గొంతు వినిపించింది.

అచ్చులో ఆమె వరుసే ఉంచుతున్నాను, పిల్ల పోయిన ఎండాకాలంతో మొదలుపెట్టి. సంవత్సరాలు కావలసినవాళ్ళ కోసం పక్క అంచులో చిన్న అక్షరాల్లో వేస్తాను. నా ప్రశ్నలు కూడా తీసేయడం లేదు. శీర్షికలో ఏ మాట వాడాలో ప్రచురణకర్తతో ఇంకా తేలలేదు. 'కథనాలు' అయితే బాగా అమ్ముతుందట.