కొత్త ఇల్లు కడుతున్నారా? గోడల పూతకు ముందే ఇంటర్నెట్ పైపులు వేయించుకోండి

కొత్త ఇంటికి కరెంటు వైర్లు, నీళ్ల పైపులు ఎటు నుంచి పోవాలో అందరూ ముందే అనుకుంటారు. ఇంటర్నెట్ సంగతి మాత్రం గృహప్రవేశం అయ్యాకే గుర్తుకొస్తుంది. నా ఇంటి విషయంలోనూ అదే జరిగింది. హాల్లో ఒక మూల పెట్టిన వైఫై బాక్సు సిగ్నల్ పై గదికి అందలేదు. రంగులు వేసిన గోడను చెక్కించి పైపు వేయించాల్సి వచ్చింది. పైపు కంటే కూలికి, మళ్లీ రంగుకు అయిన ఖర్చే ఎక్కువ.

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్ నెట్ ప్రారంభమైనప్పటి నుంచి కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగలు పల్లెలకు వస్తున్నాయి. ఈ-పంట వివరాలు, తుఫాను హెచ్చరికలు చూసుకోవడానికీ, రొయ్యల గుంటల దగ్గర కెమెరాకూ, పిల్లల చదువుకూ ఇంటర్నెట్ కావాలి. ఇందుకూరుపేట, విడవలూరు, తోటపల్లిగూడూరు, అల్లూరు వంటి తీర మండలాల్లో ఉప్పుగాలి, పిడుగులు, వరద నీటిని దృష్టిలో పెట్టుకుని ఈ పని చేయించాలి.

పూతకు ముందు చేయించాల్సినవి

• వీధి వైపు గోడ నుంచి హాలు వరకు 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ఒకటి, హాలు నుంచి పై అంతస్తుకు ఇంకొకటి వేయించాలి. టీవీ దగ్గరకు కూడా ఒకటి ఉంటే మంచిది.
• పైపు మలుపుల్లో ఎల్బోలు వద్దు, గుండ్రటి బెండ్లు వాడాలి. ఒక పైపులో రెండు మలుపులకు మించకుండా చూడాలి. లోపల నైలాన్ తాడు వదిలితే తర్వాత కేబుల్ లాగడం తేలిక.
• కరెంటు వైర్ల పైపులో ఇంటర్నెట్ కేబుల్ ఎట్టి పరిస్థితుల్లోనూ వేయరాదు. రెండు పైపులు పక్కపక్కన పోయేచోట అడుగు దూరం ఉండాలి.
• బయటి గోడ రంధ్రం బయటికి వాలుగా ఉండాలి. కేబుల్‌ను రంధ్రం కిందికి కొంచెం వేలాడేలా వదిలి పైకి తీసుకుంటే వాననీరు అక్కడే కారిపోతుంది. చివర సిలికాన్‌తో మూయాలి.
• ఇనుప పెట్టెలు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి. పీవీసీ పెట్టెలు, స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడాలి.

కేబుల్ కొనేటప్పుడు

ఇంటి లోపలికి క్యాట్-6 రాగి కేబుల్ తీసుకోవాలి. తక్కువ ధరకు దొరికే కొన్నింటిలో అల్యూమినియం తీగపై పలుచటి రాగి పూత మాత్రమే ఉంటుంది. బ్లేడుతో తీగను గీకితే తెల్లగా కనిపిస్తుంది. అది త్వరగా విరుగుతుంది, తేమకు పాడవుతుంది. ఫైబర్ తీగ లోపల ఉండేది గాజు కాబట్టి దాన్ని మడవరాదు. మిగిలిన తీగను అరచేతి కంటే చిన్న చుట్టగా చుట్టరాదు.

వైఫై బాక్సు ఎక్కడ పెట్టాలి?

ఇంటి మధ్యలో, నేల నుంచి ఐదారు అడుగుల ఎత్తున పెట్టాలి. 2021 నవంబరు పెన్నా వరదలు చూసిన వారికి ఎత్తు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఇనుప బీరువా పక్కన, ఫ్రిజ్ వెనుక, వంటగదిలో పెట్టరాదు. కమ్మీలున్న శ్లాబు గుండా సిగ్నల్ సరిగా పోదు. అందుకే పై అంతస్తుకు కేబుల్ లాగి అక్కడ రెండో బాక్సు పెట్టడం మేలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉన్నా దూరం పోదు. పక్క గదులకు, వసారాకు 2.4 గిగాహెర్ట్జ్ బాగా అందుతుంది.

గుంటల షెడ్డుకు లాగాలంటే

రాగి కేబుల్ 100 మీటర్ల వరకే పనిచేస్తుంది. అంతలోపు దూరమైనా ఆరుబయట రాగి తీగ లాగితే పిడుగు పడినప్పుడు ఆ విద్యుత్తు ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. షెడ్డుకు ఫైబర్ తీగ లాగి, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు పెట్టించాలి. ఫైబర్ తీగకు ఆసరాగా ఇనుప తీగ ఉంటే దాన్ని గోడ బయటే కత్తిరించి వదలాలి, లోపలికి తేరాదు.

తుఫాను రోజుల్లో జాగ్రత్తలు

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. హెచ్చరికలు బాగా అవసరమయ్యే ఆ రోజుల్లోనే కరెంటు పోతుంది. బాక్సు అడాప్టరుపై రాసిన వోల్టేజీ చూసి, దానికి సరిపోయే చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి. చాలా బాక్సులు 12 వోల్టులవి. అయితే ఆపరేటరు దగ్గర కూడా కరెంటు ఉంటేనే ఇంటర్నెట్ వస్తుంది. కాబట్టి ఫోనులో వేరే కంపెనీ సిమ్ ఒకటి ఉంచుకోవాలి. ఉరుములు మొదలవకముందే అడాప్టరును, బయటి నుంచి వచ్చే రాగి కేబుల్‌ను తీసేయాలి. ఉరుముతున్నప్పుడు వాటిని ముట్టుకోరాదు. ఇంటికి సరైన ఎర్తింగ్ తప్పనిసరి.

పాస్‌వర్డు విషయంలో

కనెక్షన్ ఇచ్చిన రోజే వైఫై పాస్‌వర్డును, బాక్సు సెట్టింగుల పాస్‌వర్డును మార్పించుకోవాలి. ఫోను నంబరు, ఇంటి పేరు పాస్‌వర్డుగా పెట్టరాదు. డబ్ల్యూపీఏ-2 లేదా డబ్ల్యూపీఏ-3 రక్షణ ఉందో లేదో అడగాలి. గుంటల దగ్గర పనివారికి గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా ఇస్తే బ్యాంకు లావాదేవీలు చేసే మీ ఫోన్లకు భద్రత.

చివరగా, గోడలకు పూత వేసే ముందు పైపులు వేసిన గోడలన్నింటికీ ఫోనుతో ఫొటోలు తీసి దాచుకోండి. రేపు మేకు కొట్టాలన్నా, రిపేరు చేయించాలన్నా పైపు ఎటు పోయిందో అవే చెబుతాయి.