కెమెరా ఎంత ఎత్తున ఉంది?

సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగితే దగ్గరలోనే రెజిమెంటల్ బజార్. కంటోన్మెంట్‌గా పెరిగిన ఈ ఊళ్లో ఆ బస్తీ ఇంకా పటాలం పేరే మోస్తోంది. మన చరిత్రలోకి పటాలం వెనకాలే కెమెరా కూడా వచ్చింది.

1868 నుంచి 1875 వరకు ఆంగ్ల ప్రభుత్వం 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫొటోలు అచ్చువేసింది. తీసినవారిలో సైనికాధికారులూ ఉన్నారు. ఆదివాసులను, అనేక కులాలవారిని ఎదురుగా పెట్టి తీశారు. చాలా ఫొటోల కింద తెగ పేరే ఉంది, మనిషి పేరు లేదు.

1880లలో ఇదే సికింద్రాబాద్‌లో లాలా దీన్ దయాళ్ స్టూడియో తెరిచారు. అక్కడికి నవాబులు, దొరలు వచ్చేవారు. డబ్బిచ్చి, తమకు నచ్చిన బట్టల్లో, తమ పేరుతో ఫొటో తీయించుకునేవారు. కెమెరా ఒక్కటే, చూపు మాత్రం వేరు.

సినిమా ఈ చూపుకు లెక్కలు కట్టింది. దూరం నుంచి తీస్తే లాంగ్ షాట్. అందులో ఊరు, అడవి కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ముఖం దగ్గరికి వస్తే క్లోజప్, మనసు తెలుస్తుంది. పైనుంచి చూసే హై యాంగిల్‌లో మనిషి చిన్నబోతాడు. కిందనుంచి చూసే లో యాంగిల్‌లో పెద్దవాడవుతాడు. కంటి ఎత్తున పెడితే సమానుడవుతాడు. ఎన్నో సినిమాల్లో మన ఆటపాటలకు దక్కింది లాంగ్ షాటే. క్లోజప్ మాత్రం హీరోది.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన, భార్య బెట్టి మార్లవాయిలో ఉండి, మన పనులను, పండుగలను దగ్గరనుంచి ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఉన్నాయి. మన తాతల ముఖాల కోసం మనం అంత దూరం చూడాల్సి వస్తోంది.

ఇప్పుడు కెమెరా మన జేబులోనే ఉంది. టీచర్లు పిల్లలకు ఒక పని చెప్పాలి. అవ్వ నేలమీద కూర్చుంటే మనమూ నేలమీద కూర్చోవాలి. ముందు ఆమెను అడగాలి, తర్వాతే తీయాలి. ఆమె పేరు, ఊరు, తేదీ రాసిపెట్టాలి. తెగ పేరొక్కటే రాసి వదిలేస్తే, ఆ ఎనిమిది సంపుటాలకు మనమే తొమ్మిదోది చేర్చినట్టు.