బిగువు – ఓల్టు – స్వరం

శ్రీముఖలింగం పరిసరాల్లో, వంశధార పొడవునా జముకుల కథ విన్నవారికి జముకు సంగతి చెప్పనక్కరలేదు. డొల్ల పాత్రకు ఒకవైపు తోలు, తోలు నడుమ తంతి. తంతిని ఒక చేత్తో బిగబట్టి, రెండవ చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకెక్కుతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. 1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి రూపొందించిన సింథసైజర్‌కు మూలసూత్రం దాదాపు ఇదే. అక్కడ బిగువు స్థానంలో ఓల్టేజి నిలిచింది.

అంతకు పూర్వం విద్యుత్ సంగీతమంటే చేత్తో మరలు తిప్పడం, టేపు కత్తిరించి అతికించడం. మూగ్ యంత్రంలో ఒక భాగం పుట్టించిన ఓల్టేజి మరో భాగాన్ని నడుపుతుంది. ఇక్కడొక చిక్కుంది. మంద్రం నుంచి మధ్యమానికి, అక్కడినుంచి తారానికి మన చెవి సమానమైన మెట్లే వింటుంది. కాని కంపనాలు 220, 440, 880గా ప్రతి మెట్టుకూ రెట్టింపవుతాయి. కనుక ఒక్కొక్క ఓల్టు పెరిగినప్పుడల్లా కంపనాలు రెట్టింపు కావాలి. ఈ పనికి ట్రాన్సిస్టర్ స్వభావమే అక్కరకొచ్చింది: గది వేడిలో దాని బేస్ వద్ద సుమారు 18 మిల్లీఓల్టులు పెరిగితే కరెంటు రెట్టింపవుతుంది. ఆ కరెంటు కెపాసిటర్‌ను నింపుతుంది. నిండగానే ఖాళీ, మళ్లీ నింపడం. అదే స్వరం. అయితే ఆ 18 వేడితో మారుతుంది గనుక, గది వేడెక్కితే శ్రుతి తప్పుతుంది! పాతకాలపు మూగ్‌లకు ఆ అపఖ్యాతి ఊరికే రాలేదు.

అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుఖ్లా పియానో మెట్లను కాదని స్పర్శ ఫలకాలు పెట్టాడు. నాకు అదే సబబుగా తోస్తుంది. ఓల్టేజి తంతిలా ఎడతెగక జారగలదు. దాన్ని పన్నెండు మెట్లకు కట్టివేసింది అలవాటే తప్ప సర్క్యూట్ కాదు. గమకం ప్రాణంగా గల మన సంగీతానికి ఈ తేడా చిన్నది కాదు.

1969లో మూగ్ మన దేశానికి వచ్చింది. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో 1961లో ఏర్పడిన అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో, గీతా సారాభాయి చొరవతో, డేవిడ్ ట్యూడర్ దాన్ని అమర్చాడు. స్టూడియో కొన్నేళ్లకే మూతపడింది. టేపులు దశాబ్దాలపాటు అటకెక్కి, 2023లో రికార్డుగా వెలువడ్డాయి. అదే 1969లో శ్రీకాకుళం కొండల్లో సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను పోరాటగానం చేశాడు. ఆ డిసెంబరులోనే పోలీసుల చేతుల్లో మరణించాడు. ఒక ధ్వని సంస్థ గోడల మధ్య, మరొకటి ఆరుబయట. మొదటిదానికి విదేశీ నిపుణుడు కావాలి, రెండవదానికి తోలూ తంతీ చాలు.

మూగ్ నిచ్చెన ఫిల్టర్‌కు 1969 అక్టోబరులో పేటెంటు వచ్చింది. పదిహేడేళ్లకు, 1986లో, దాని గడువు తీరింది. జతజతలుగా పేర్చిన ట్రాన్సిస్టర్లు, మెట్టు మెట్టుకూ నడుమ కెపాసిటర్లు: పాలిటెక్నిక్ విద్యార్థి ఎవరైనా ఇప్పుడు దీన్ని అతికించుకోవచ్చు, ఓల్టేజిని మెట్ల నుంచి కాక బిగబట్టిన తంతి నుంచే తీసుకోవచ్చు.